కొండలు లేని సీమలో గేర్ల సైకిలు

"ఏమండీ మేష్టారూ, తమరికేమైనా కొండలెక్కే పని పడిందా?"

సైకిలుకు గేర్లు పెట్టించుకుంటున్నానని నోరు జారిన నాటినుంచి మా కళాశాల అధ్యాపకుల గదిలో నన్ను పలకరించే పద్ధతి ఇది. అడిగిన పెద్దమనుషుల్లో భూగోళం బాగా తెలిసినవారు కూడా ఉన్నారు గనుక ప్రశ్నలో న్యాయం లేదనడానికి వీల్లేదు. ఒకవంక గౌతమి, ఒకవంక వసిష్ఠ, నడిమిన వైనతేయ, దక్షిణాన సముద్రం. ఈ మధ్యన గోదావరి మోసుకొచ్చి పోసిన ఒండ్రు తప్ప కోనసీమలో మరేముంది? అమలాపురం నుంచి ఎటు బయల్దేరినా కొబ్బరితోట, వరిచేను, అరటితోట, మళ్ళీ కొబ్బరితోట. నేల మీద బంతి పెడితే పెట్టినచోటనే ఉంటుంది. ఇలాంటి చోట గేర్ల సైకిలంటే చెరువులో తెడ్డేసుకునేవాడు ఓడ తెరచాప కొనుక్కున్నట్టే ఉంటుంది చూసేవారికి.

అయితే ఈ మాట అనేవారందరూ మోటారు సైకిళ్ళ మీద తిరిగేవారని మనవి. కోనసీమలో ఎత్తులున్నాయో లేవో తెలియాలంటే కాళ్ళతో అడగాలి.

మొదటి ఎత్తు కాలువగట్టు. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. అక్కణ్ణుంచి వచ్చే కాలువలను డెల్టాలో మెరక ఉన్న చోటనే తీసుకువెళతారు. నీరు మెరక మీంచి పల్లానికి దానంతటదే పారాలి గదా. కాబట్టి కాలువ దాటవలసి వచ్చిన ప్రతిచోటా ముందు గట్టెక్కాలి, తర్వాత దిగాలి. రెండవ ఎత్తు ఏటిగట్టు. గోదావరికి వరదలెన్ని వచ్చినా 1986 ఆగస్టు వరదను చూసినవారు గట్టు ఎత్తు గురించి ఇంకొకరి మాట వినరు. మూడవది వంతెన. కింద వరద పోవాలి కాబట్టి వంతెన పైన ఉండాలి. పైన ఉన్న వంతెన మీదికి మనం కిందనుంచి వెళ్ళాలి. పి. గన్నవరంలో మరీ విచిత్రం. అక్కడ వైనతేయ నది కింద పోతుంది, కాలువ దాని నెత్తిమీంచి పోతుంది. 1850ల్లో కట్టిన ఆ పాత అక్విడక్టుకు 49 ఖానాలు. దాని పక్కనే తర్వాత కొత్తది కట్టారు.

ఆలోచించి చూస్తే ఈ సీమలో ప్రకృతి పోసిన ఎత్తు లేనేలేదు. ఉన్నదంతా మనిషి తట్టలతో పోసినదే. సగం నీళ్ళు కావాలని పోసింది, సగం నీళ్ళు వద్దని పోసింది. ఆ మట్టినంతా ఈనాటికీ సైకిలువాడి మోకాళ్ళు లెక్క పెడుతూనే ఉన్నాయి.

నాలుగవ ఎత్తు కంటికి కనిపించదు. అది గాలి. అమలాపురం నుంచి రాజోలు వైపు వెళ్ళడమంటే నైరుతిగా వెళ్ళడం. ఎండాకాలం మధ్యాహ్నం దాటితే సముద్రం మీంచి గాలి తిరుగుతుంది. వానాకాలంలో నైరుతి ఋతుపవనం రానే వస్తుంది. రెండూ ఎదురే. కొండకైతే అవతలివైపు దిగుడన్నా ఉంటుంది. గాలికి అవతలివైపు లేదు. ఇల్లు చేరేదాకా ఎక్కుతూనే ఉండాలి.

గాలి అన్నది మా ప్రాంతంలో తేలిగ్గా అనే మాట కాదు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను వచ్చినప్పుడు నాకు పదిహేడేళ్ళు. తెల్లవారి చూస్తే తోటల్లో చెట్లు నిలువునా పడి, దారికి అడ్డంగా దూలాలు పేర్చినట్టున్నాయి. మా నాన్నగారు ప్రాథమిక పాఠశాలలో ప్రధానోపాధ్యాయులు. తన బడి పిల్లల ఇళ్ళు ఎలా ఉన్నాయో చూసిరావాలని సైకిలు తీశారు. పదిగజాలు తొక్కడం, చెట్టు అడ్డం వస్తే సైకిలును భుజాన వేసుకుని దాటడం, మళ్ళీ పదిగజాలు తొక్కడం. సాయంత్రం తిరిగి వచ్చేసరికి భుజం మీద ఫ్రేము కడ్డీ అచ్చు నల్లగా పడిపోయింది. అమ్మ దానికి కొబ్బరినూనె రాస్తూ, "బండి మనిషిని మొయ్యాలి గాని మనిషి బండిని మోస్తాడా?" అంది. ఆయన నవ్వి ఊరుకున్నారు.

ఆ సైకిలే ఇప్పుడు నా దగ్గరున్నది. ఆసన్‌సోల్‌లోని సెన్ రాలీ కర్మాగారంలో తయారైన రాలీ. నాన్నగారు 1972లో కొన్నారు. 24 అంగుళాల ఫ్రేము, కడ్డీ బ్రేకులు, సగం చైను కవరు. ముందు భాగాన రాలీ వారి గుర్తు కొంగతల. వరిమళ్ళ మధ్య కొంగ గుర్తు సైకిలు మీద పోతుంటే అది ఇక్కడి కోసమే తయారైందనిపిస్తుంది. నాన్నగారు పోయాక దానిని నేను అమలాపురం తెచ్చుకున్నాను. ఆదివారం ఆదివారం అమ్మను చూడడానికి ఊరు వెళ్ళడం అలవాటు. ఊరు తాటిపాకకు అవతల. సుమారు పాతిక కిలోమీటర్లు. బస్సులున్నాయి. అయినా ఆ సైకిలు మీద వెళితే వీధి చివర మలుపులో దానిని చూడగానే అమ్మ ముఖంలో ఒక మార్పు వస్తుంది. అది బస్సు దిగి నడిచివెళితే రాదు. దీనికంటె కారణం చెప్పలేను.

రెండేళ్ళ క్రితం కుడి మోకాలు మొరాయించింది. డాక్టరుగారు చూసి, "సైకిలు మంచిదే, మానకండి. కాని బలంగా అదిమి తొక్కకండి" అన్నారు. ఒంటి గేరు సైకిలు మీద ఎదురుగాలిలో అదమకుండా తొక్కడం ఎలాగో మాత్రం ఆయన చెప్పలేదు. దాంతో బోడసకుర్రు వంతెన దగ్గర దిగి సైకిలు నడిపించుకు పోవడం మొదలుపెట్టాను. వెనకనుంచి మోటారు సైకిళ్ళ మీద మా విద్యార్థులు వచ్చి ఆగడం, "మేష్టారూ, సైకిలు పాడైందాండీ?" అనడం, "లేదు నాయనా, నేనే పాడయ్యాను" అని నేననడం. పోయిన ఎండాకాలంలో ఒక ఆదివారం గాలి మరీ ఎదురై సగంలో వెనక్కు తిరిగాను. అమ్మకు ఫోనులో ఏదో సాకు చెప్పాను. నమ్మినట్టే మాట్లాడింది. ఆ మరునాడే గేర్ల ఆలోచన వచ్చింది.

సైకిలు లెక్క ఏమిటో ఒక్క మాటలో చెప్పి ముందుకు పోతాను. మా సైకిలుకు ముందు పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనక ఫ్రీవీలుకు 18. పెడలు ఒక చుట్టు తిరిగితే బండి దాదాపు ఐదున్నర మీటర్లు పోతుంది. చదునుమీద గాలి లేనప్పుడు అంతకంటె మంచి కొలత లేదు. కాని గట్టెక్కినా ఐదున్నరే, దిగినా ఐదున్నరే, అమ్మ కట్టిచ్చిన బియ్యం సంచి క్యారియరు మీద ఉన్నా ఐదున్నరే. భారతమంతా ఒక్క కందంలోనే రాస్తానని పంతం పట్టిన కవి లాంటిది ఈ ఏర్పాటు. నన్నయగారు యుద్ధానికొక వృత్తం, సంభాషణకొక పద్యం, మధ్యమధ్య ఊపిరి తీసుకోవడానికి వచనం పెట్టుకున్నారు గదా. కాళ్ళకు మాత్రం ఆ వెసులుబాటు ఎందుకుండకూడదు?

గడియారస్తంభం దగ్గర ఒక సందులో సైకిలు షాపున్నది. యజమాని డెబ్బై దాటినవాడు. నేను ఆయనను బాబాయ్ అంటాను. గిరాకీ ఇప్పుడు చిన్నపిల్లల సైకిళ్ళకే. గేర్ల సైకిళ్ళూ వస్తుంటాయి. రెండు నెలలు తొక్కి అటకెక్కించినవి, గేర్లు పనిచెయ్యడం మానేసినవి. నా కోరిక వినగానే గోడకు వేలాడుతున్న గేరు సెట్టు ఒకటి తీసి బల్లమీద పెట్టాడు.

"ఇది వేసేద్దాం మేష్టారూ. ఆరు పళ్ళచక్రాలు. ఫ్రీవీలు మర ఒకటేనండి, పాతది విప్పి ఇది బిగిస్తే ఎక్కేస్తాది, ఆయ్."

"మరి అంతేనా?"

"అంతే అంటే అంతే కాదండి." ఆయన వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. ఆరు చక్రాలకు చోటు చాలదు కాబట్టి వెనక ఫోర్కును పన్నెండు మిల్లీమీటర్ల మేర వెడల్పు చెయ్యాలి. ఇరుసు పొడుగుది కావాలి. చువ్వలు ఒకవైపు లాగి రిమ్ము మళ్ళీ మధ్యకు తేవాలి. చైను కవరు ఉండదు. గేర్ల చైను సన్నం, మన ముందు పళ్ళచక్రం మందం. కాబట్టి 44 పళ్ళూ ఆకురాయి పట్టి పల్చన చెయ్యాలి, లేదా ఆ చక్రమే మార్చెయ్యాలి. చైనును అటూ ఇటూ తోసే చెయ్యి తగిలించడానికి మన ఫ్రేముకు చెవి లేదు. ఒక ముక్క తెచ్చి ఇరుసు కింద బిగించాలి.

"అన్నీ అయితే బాగానే పనిచేస్తాదండి" అని ముగించాడు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆయన ఏదీ దాచలేదు.

ఆ రాత్రి అమ్మతో ఫోనులో చెప్పాను. కాస్సేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది: "నీ కాలికి సుఖమైతే చేయించుకో నాన్నా. కాని ఏదీ కోయించకు, ఏదీ అరగదీయించకు. తీసినవన్నీ మళ్ళీ పెట్టుకునేటట్టు ఉండాలి. అది ఆయన బండి."

ఆకురాయి సంగతి నేను ఆవిడకు చెప్పలేదు సుమండీ. ఎలా పసిగట్టిందో!

దాంతో బాబాయి పథకం మూలపడింది. నేను చదువుకునేవాణ్ణి గనుక పుస్తకాల్లో పడ్డాను. గేర్ల కథ చదువుతుంటే మన రాజకీయాలకంటె రంజుగా ఉంది. ఫ్రాన్సులో హెన్రీ దెగ్రాంజ్ అని ఒక పత్రికాధిపతి. 1903లో టూర్ ద ఫ్రాన్స్ పందెం పెట్టినవాడు ఆయనే. గేర్లు మార్చుకోవడం నలభై అయిదు దాటినవారికి తప్ప పనికిరాదని 1902లోనే ఎకసెక్కం చేశాడు. చైను ఒక పళ్ళచక్రం మీంచి ఇంకో దాని మీదికి దూకే గేర్లను ఆ పందెంలో వాడనిచ్చింది 1937లో. అప్పటిదాకా పందెగాళ్ళు ఆల్ప్స్ కొండలెక్కేముందు దిగి, వెనక చక్రం విప్పి, తిరగేసి బిగించుకునేవారు. రెండో పక్క వేరే పళ్ళచక్రం ఉండేది. అదీ వారి గేరు. నా వయస్సు నలభై ఆరు గనుక దెగ్రాంజ్‌గారి శాసనం ప్రకారం నాకు హక్కు వచ్చి ఏడాదైంది.

ఇంగ్లండులో దారి వేరు. నాటింగ్‌హామ్‌లో రాలీ కంపెనీ అధిపతి ఫ్రాంక్ బౌడెన్ అండతో 1902లో స్టర్మీ ఆర్చర్ మూడు గేర్ల హబ్బు పుట్టింది. ఇందులో బయటికి ఏమీ కనిపించదు. చైను ఒకటే, వెనక పళ్ళచక్రం ఒకటే. మార్పంతా హబ్బు డొల్ల లోపలనే. 1936లో వచ్చిన ఏ.డబ్ల్యు. అనే రకం అన్నిటికంటె ఎక్కువ కాలం నిలిచింది. నాటింగ్‌హామ్ కర్మాగారం 2000లో మూతపడి, ఆ పేరును తైవాన్‌లోని సన్‌రేస్ వారు కొనుక్కున్నారు. అంటే మా సైకిలు పుట్టింటివారే, మా సైకిలుకు సరిపడే గేరును నూరేళ్ళ క్రితమే తయారుచేసి పెట్టుకున్నారన్నమాట. చైను కవరు తియ్యనక్కరలేదు. కడ్డీ బ్రేకులు కదల్చనక్కరలేదు. ముందు పళ్ళచక్రం ముట్టుకోనక్కరలేదు. వెనకచక్రం ఒక్కటే మార్చాలి. పాత చక్రం చక్రంగానే గోడకు వేలాడుతుంది. అమ్మ పెట్టిన షరతును ఇంతకంటె బాగా ఎవరు చెల్లించగలరు?

ఇంకొక అదృష్టం కూడా కలిసివచ్చింది. పాత ఇంగ్లీషు సైకిళ్ళకు ముందుచక్రానికి 32 చువ్వలు, వెనకచక్రానికి 40. ఈ వాడుక మన సైకిళ్ళకు అలాగే వచ్చి అలాగే ఉండిపోయింది. కాబట్టి పాత ఇంగ్లీషు హబ్బు దొరికితే దాని 40 చిల్లులకూ మన రిమ్ము 40 చిల్లులకూ పొత్తు కుదురుతుంది.

మా పూర్వ విద్యార్థి ఒకడు లెస్టరులో ఉద్యోగం చేస్తున్నాడు. తెలుగు ప్రత్యేకాంశంగా తీసుకుని, తర్వాత ఏవో కంప్యూటరు చదువులు చదివి వెళ్ళినవాడు. వాడికి రాశాను. నెల తిరక్కుండా వాడి అత్తవారు సెలవులకు వస్తూ నాకొక మూట తెచ్చి ఇచ్చారు. రెండు జతల ఉన్ని మేజోళ్ళు, వాటి మధ్య నూనె మడ్డి పట్టిన ఇనపగుండు. దానితో 22 పళ్ళ చక్రం, చేతికాడ దగ్గర బిగించే మీట. డొల్ల మీద 60 అని అచ్చు పడి ఉంది. 1960లో తయారైందని అర్థం. నాకంటె పెద్దది, నాన్నగారి సైకిలుకంటె పెద్దది.

బాబాయి దానిని చూసి ముందు పెదవి విరిచాడు. ఎవరో పాతసామాను అంటగట్టారని అనుమానం. తర్వాత ఎందుకో కళ్ళజోడు పెట్టుకున్నాడు. షాపు మూసే వేళకు బల్లమీద వార్తాపత్రిక పరిచి విప్పడం మొదలుపెట్టాడు. తీసిన భాగాన్ని తీసిన వరసలోనే పెట్టుకుంటూ పోయాడు. లోపలిదంతా కిరసనాయిలుతో కడిగాక ఇద్దరం వంగి చూశాం.

మధ్యలో ఇరుసును అంటిపెట్టుకుని చిన్న పళ్ళచక్రం, 20 పళ్ళు. అది కదలదు. దాని చుట్టూ నాలుగు చిన్న చక్రాలు, వాటికీ ఇరవైయేసి పళ్ళు. ఆ నాలుగింటినీ పట్టి ఉంచే పంజరం ఒకటి. వాటన్నిటినీ చుట్టి, లోపలి అంచున 60 పళ్ళున్న వలయం. మధ్యదానిని సూర్యుడనీ, చుట్టూ ఉన్నవాటిని గ్రహాలనీ అంటారని నేను చెప్పాను.

బాబాయి వలయాన్ని చేత్తో తిప్పాడు. గ్రహాలు తమచుట్టూ తాము తిరుగుతూ సూర్యుడి చుట్టూ తిరిగాయి. లెక్కపెట్టాం. వలయం నాలుగు చుట్లు తిరిగేసరికి పంజరం మూడు చుట్లు తిరిగింది. చైను బలాన్ని వలయానికి ఇచ్చి పంజరం నుంచి చక్రానికి తీసుకుంటే వేగం నాలుగింట మూడువంతులవుతుంది, కాలికి బరువు తగ్గుతుంది. అది ఎక్కుడు గేరు. తలకిందులు చేసి పంజరానికి ఇచ్చి వలయం నుంచి తీసుకుంటే మూడుకు నాలుగవుతుంది. అది దిగుడు గేరు. వలయానికి ఇచ్చి వలయం నుంచే తీసుకుంటే మామూలు. మీట తీగను లాగితే హబ్బు లోపల ఒక చిన్న ముక్క పక్కకు జరిగి ఏ దారిన పోవాలో నిర్ణయిస్తుంది. అంతే రహస్యం.

"యాభై ఏళ్ళ నుంచి ఈ పని చేస్తన్నానండి. ఫ్రీవీల్లో గుండ్లు, రెండు ముళ్ళు తప్ప చూళ్ళేదు" అన్నాడాయన. చాలాసేపు ఆ గ్రహాలను తిప్పుతూనే కూర్చున్నాడు. ఇంటినుంచి మనుమడు వచ్చి భోజనానికి పిలిచినా లేవలేదు.

కొత్త రిమ్ము తెచ్చి చక్రం అల్లడానికి రెండు రోజులు పట్టింది. ఈ హబ్బు అంచులు పెద్దవి కాబట్టి మామూలు చువ్వలు పొడుగవుతాయి. ఒక్కొక్కటే కొలిచి, కోసి, మర వెయ్యవలసి వచ్చింది. వెనక ఫోర్కును ఎక్కువ వంచే పని లేకపోయింది; రెండు బొటనవేళ్ళతో ఎడంచేస్తే హబ్బు దూరింది. ఇరుసు తనంత తాను తిరిగిపోకుండా గాడి ఉన్న వాషర్లు రెండు పక్కలా బిగించాడు. 22 పళ్ళ చక్రం వేశాం గనుక చైనుకు రెండు లంకెలు కలపవలసి వచ్చింది. ఇప్పుడు పెడలు ఒక చుట్టుకు ఎక్కుడు గేరులో సుమారు మూడు మీటర్ల ముప్ఫై అయిదు సెంటీమీటర్లు, మామూలులో నాలుగున్నర మీటర్లు, దిగుడులో దాదాపు ఆరు మీటర్లు పోతుంది. పాత ఐదున్నర ఎక్కడికీ పోలేదు. మామూలుకూ దిగుడుకూ మధ్యన పడింది.

"కొత్త తీగండి. పది కిలోమీటర్లు తొక్కితే సాగుద్ది. ఓసారి తీసుకొచ్చి బిగించుకెళ్ళండి. ఆయ్, మర్చిపోకండి" అని బాబాయి రెండుసార్లు చెప్పాడు.

చెప్పిన మాట విన్నట్టయితే ఈ పేరా రాయవలసిన పని ఉండేది కాదు. శనివారం నాడు సరదాగా పేరూరు దాకా, అటూ ఇటూ, పన్నెండు కిలోమీటర్లు తొక్కాను. ఆదివారం తెల్లవారుజామున షాపు తెరిచి ఉండదు గదా, వచ్చాక చూపించుకుందాంలే అని బయల్దేరాను. బోడసకుర్రు వంతెన మొదట్లో ఉత్సాహం పట్టలేక సీటు మీంచి లేచి నిలబడి తొక్కాను. తీగ సాగిపోయి ఉంది. మామూలుకూ దిగుడుకూ మధ్యన ఈ హబ్బులో ఒక ఖాళీ జాగా ఉంటుంది. అక్కడ పెడలుకు దేనితోనూ సంబంధం ఉండదు. సరిగ్గా అందులో పడ్డాను. కాలికింద పెడలు గాలిలోకి జారిపోయినట్టు తిరిగింది. పై కడ్డీ మీద కూలబడి, అక్కణ్ణుంచి రోడ్డు పక్కకు ఒరిగాను. మోచెయ్యి గీరుకుపోయింది, మిగతా దెబ్బ గురించి అచ్చులో చెప్పుకోనక్కరలేదు. లేవగానే మోకాలు చూసుకోలేదు, సైకిలు చూసుకున్నాను. కొంగతల మీద ఒక గీత పడింది. 1996 తుపానులో పడనిది నా తొందరపాటుకు పడింది.

మర్నాడు బాబాయి నన్ను తిట్టలేదు. కుడివైపు ఇరుసు బిరడాలో చిన్న కిటికీ లాంటి కన్నం ఉంటే అందులోకి నా తల వంచాడు. హబ్బులోనుంచి సన్నని గొలుసు ఒకటి తీగకు తగిలి ఉంటుంది. ఆ గొలుసు చివరనున్న కడ్డీ భుజం, మీట మామూలు గేరులో ఉన్నప్పుడు, సరిగ్గా ఇరుసు అంచుతో సమానంగా కనపడాలి. లోపలికుంటే తీగ వదులు, బయటికుంటే బిగువు. "బయల్దేరేముందు ఇది చూడండి. దేవుడికి దణ్ణం ఆ తర్వాత పెట్టుకోండి" అన్నాడు. ఇప్పుడు రోజూ చూస్తాను.

ఆ మరుసటి ఆదివారం మళ్ళీ బయల్దేరాను. గాలి ఎదురుగానే ఉంది. ఊరు దాటగానే ఒంటిమీద చొక్కా వెనక్కు అంటుకుంది. మామూలులోకి దించి, అదమకుండా, తిరగలి తిప్పినట్టు తిప్పుకుంటూ పోయాను. తోటల్లో దింపు జరుగుతోంది. కాయ నేలను తాకిన చప్పుడు ముందు, దింపువాడి కేక తర్వాత. ఒలుపుడు కాయల రాశుల పక్కన పీచు గుట్టలు. వేగం తగ్గింది గాని దారి పెరగలేదు; ఇంతకుముందు హ్యాండిలు మీదికి వంగి ముందు టైరునే చూసేవాణ్ణి, ఇప్పుడు తలెత్తి తోటలు చూస్తున్నాను.

వంతెన మొదట్లో ఎక్కుడు గేరు వేశాను. మామూలులో, దిగుడులో ఈ హబ్బు గడియారంలాగ టిక్కు టిక్కుమంటుంది. ఎక్కుడులో మాత్రం నోరు మూసుకుంటుంది. ఆ నిశ్శబ్దంలో, కూర్చున్నవాణ్ణి లేవకుండా, మోకాలు ఒక్క మాట అనకుండా వంతెన నడుమకు వచ్చాను. నడిచేవాడికంటె కాస్త జోరు, అంతే. వంతెన నడుమ కావాలనే ఆగాను. కింద వైనతేయ. ఒడ్డున పడవలు రెండు. మా చిన్నతనంలో ఈ రేవు దాటాలంటే సైకిలును పడవలోకి ఎక్కించి, నాన్నగారు ఒక చేత్తో దానిని, ఒక చేత్తో నన్ను పట్టుకుని నిలబడేవారు. ఈ వంతెనను ఆయన కాళ్ళెన్నడూ ఎక్కువగా ఎరగవు. వంతెన వచ్చేనాటికి ఆయన దూరాలు తొక్కడం తగ్గించారు.

దిగుడులో జోరుగా పాశర్లపూడి. 1995 జనవరి 8న అక్కడ చమురుబావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. మా ఊరి డాబా మీంచి రాత్రిళ్ళు ఆకాశం ఎర్రగా కనిపించేది. తర్వాత నగరం. 2014 జూన్ 27న గ్యాసు గొట్టం పేలి ఎందరినో బలిగొన్న ఊరు. ఆ రెండు చోట్లా ఇప్పుడు కూడా నేను ఊసుపోక పాటలు పాడుకోను. అవి దాటాక గాలి మరీ పెరిగింది. అదే చోట పోయిన ఎండాకాలంలో వెనక్కు తిరిగాను. మీట ఒక మెట్టు దించి, గాలిని దాని మానాన వీచనిచ్చి ముందుకు పోయాను. తాటిపాకలో టీ తాగాను. అక్కడినుంచి కాలువగట్టు మీద దారి. ఎక్కి, దిగి, మా వీధి.

అమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు. చెవి ఒగ్గి వింటోంది.

"ఏవిట్రా ఆ టిక్కుటిక్కు?"

"గేరమ్మా. ఆగితే ఆగిపోతుంది."

వచ్చి వెనకచక్రం చూసింది. చైను కవరు మీద చెయ్యివేసింది. ముందుకు వెళ్ళి కొంగతల మీది గీతను చూసింది గాని దాని ఊసెత్తలేదు. నా మోచేతి కట్టును చూసింది గనుక లెక్క తేల్చుకునే ఉంటుంది.

"పాత చక్రం ఏదీ?"

"గోడకు వేలాడదీశాను. నూనె రాశాను. ఎప్పుడు కావాలంటే అప్పుడు పెట్టుకోవచ్చు."

"ఊఁ" అంది. మళ్ళీ అరుగెక్కుతూ, "మీ నాన్నగారు ఆ మలుపులోనే గంట కొట్టేవారు. నేను అన్నం వడ్డించేదాన్ని. నువ్వు తొక్కుతున్నప్పటి నుంచీ గంట వినలేదు" అంది.

హ్యాండిలు చూసుకున్నాను. గంట టోపీ ఎన్నడో ఊడిపోయింది. అడుగు ముక్క ఒక్కటే తుప్పు పట్టి ఉంది. వచ్చే శనివారం బాబాయి షాపుకు వెళ్ళాలి.